వాము వాసన పట్టిన ఇంక్యుబేటర్

ల్యాబులో చేరినవాళ్లకు చెడ్డ వాసనలు నాలుగు రోజుల్లో అలవాటైపోతాయి. చీము, మూత్రం, పాతబడిన రక్తం, ఏదీ నన్ను భయపెట్టలేదు. ఉద్యోగం మొత్తంలో నన్ను భయపెట్టిన వాసన ఒక్కటే, అదీ మంచి వాసనే. వాము వాసన.

ఆదోనిలో ఒక ట్రస్టు ఆసుపత్రి ల్యాబులో చేరాను, అక్కడే పోయిన సంవత్సరం రిటైరయ్యాను. సూక్ష్మజీవుల విభాగం నాది. రోగి నుంచి తీసిన చీమునో మూత్రాన్నో గాజు ప్లేటులో ఆగర్ అనే జెల్లీ మీద రుద్ది, మనిషి ఒంటివేడితో ఉండే ఇంక్యుబేటర్ పెట్టెలో పెడతాం. మర్నాడు అందులో ఏ క్రిమి పెరిగిందో, దాన్ని ఏ మందు చంపుతుందో చూసి డాక్టరుకు చెప్పాలి. చెప్పడానికి ఇంతే. నేను వెళ్లేసరికి ఆ విభాగంలో ఒక మైక్రోస్కోపు, ఒకే ఒక ఇంక్యుబేటర్, తలుపు సరిగా పడని ఒక బీరువా ఉండేవి. ప్రమోషన్ల సంగతి రాయను. వచ్చినవి రెండే, రెండూ ఆలస్యంగానే వచ్చాయి.

మాది కోసిగి. అమ్మా నాయనా ఏటా పంట కోతలకు గుంటూరు వైపు వలస పోయేవాళ్లు. మా పక్క దాన్ని సుగ్గికి పోవడం అంటారు. నేను హాస్టల్లో ఉండి చదువుకున్నాను. మైక్రోస్కోపులో మొదటిసారి క్రిములను చూసిన రోజు మా అమ్మకు చెబితే, "కంటికి గనపడని వాటికి జీతమిస్తారా?" అని అడిగింది. ఇచ్చారు. ఆ పని బాగా చేశానని ఈ రోజు గర్వంగానే చెబుతాను. వినయం నాకు ఎప్పుడూ అంతగా పట్టుబడలేదు. అయితే ఆ గర్వానికి ఒక తప్పు కూడా కారణం. కొత్తగా ఈ పనిలోకి వచ్చే పిల్లలు మిగతాదంతా పుస్తకాల్లో చదువుకుంటారు. ఇది మాత్రం నేనే చెప్పాలి.

గంజి పులవని ఇల్లు

మా ల్యాబు పెద్ద ఖతీజా మేడం. పెథాలజిస్టు, ఆదోనిలోనే పుట్టి పెరిగిన మనిషి. ఆమెకు కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. గొంతు తగ్గిందంటే మేమంతా సర్దుకుని కూర్చునేవాళ్లం. ప్రతి శుక్రవారం పొద్దున ఎమ్మిగనూరులో నేతపనివాళ్ల వీధుల్లో వైద్య శిబిరం పెట్టించింది ఆవిడే. చేతులకు చీము గడ్డలు, గోళ్ల పక్కన పుళ్లు, వేళ్ల సందుల్లో పాచి, ఇవే ఎక్కువగా వచ్చేవి.

కారణం గంజి. పడుగు నూలుకు బలం రావాలంటే వీధిలో పొడవునా పరిచి, కుంచెతో గంజి పట్టించి, ఆరీ ఆరకముందే నూనె రాస్తారు. ముందురోజు సాయంత్రం కాచిన గంజి ఎండాకాలంలో తెల్లారేసరికి పులిసి, తీగలు సాగి, కంపు కొడుతుంది. ఆ గంజిలోనే మోచేతుల దాకా ముంచి పనిచేస్తారు. గోటి పక్కన చిన్న చీలిక ఉన్నా చాలు, క్రిమి లోపలికి పోతుంది.

ఆ వీధిలో ఒక ఇంటి గంజి మాత్రం కంపు కొట్టలేదు. కుండ మీద వంగి వాసన చూశాను. ఏదో తెలిసిన ఘాటు తగిలింది కానీ ఏమిటో వెంటనే తట్టలేదు. ఆ ఇల్లు ఉరుకుందప్పది. ఆయన గుంత మగ్గం మీద నేస్తాడు, ఆయన భార్య నాగేంద్రమ్మ గంజి కాస్తుంది, కండెలు చుడుతుంది.

"ఇదేంది నాగేంద్రమ్మా, మీ గంజి పులిసిపోలేదు?" అని అడిగాను.

"మా పుట్టిల్లు దేవనకొండ తట్టు మేడం. ఆడ వాము పండిస్తారు. గంజి కాగేటప్పుడు పిడికెడు వాము గుడ్డలో మూట గట్టి ఏస్తాను. మాయమ్మ అట్లనే ఏస్తాండె."

"యాల ఏస్తారు?" అని కారణం అడిగాను.

"యాల అంటే ఏం సెప్పేది? ఏస్తే పాడుగాదు. ఎయ్యకుంటే పాడైతాది."

దీనికి మించిన ఫలితం నేను కూడా ఏ నివేదికలోనూ రాయలేదు. ఎందుకు పాడుకాదో మాత్రం తెలుసుకోవాలనిపించింది. ఖతీజా మేడంను అడిగితే, "ఆసుపత్రి పని అయినాక నీ వాము పని. ముందర కాదు. సమజైందా?" అన్నారు. సమజైందనే అన్నాను.

పరీక్ష అడగని ప్రశ్న

ఆవిరి పట్టి తీసిన వాము నూనె, నిమ్మగడ్డి నూనె చిన్న సీసాలు తెప్పించాను. కొబ్బరి, వేప, కానుగ నూనెలు బజారులోనే దొరికాయి. వీటిలో రెండు జాతులున్నాయి. వాము, నిమ్మగడ్డి నూనెలు గాలికి ఎగిరిపోయే సుగంధ తైలాలు. కొబ్బరి, వేప, కానుగ ఎగిరిపోవు. అవి కొవ్వు ఆమ్లాలతో అల్లుకున్న మామూలు నూనెలు.

మందులను పరీక్షించినట్టే వీటినీ పరీక్షించాను. ప్లేటు నిండా క్రిమిని పరిచి, నూనెలో ముంచిన కాగితపు బిళ్లను మధ్యలో పెట్టాను. మర్నాడు వాము బిళ్ల చుట్టూ ఏమీ పెరగకుండా రూపాయి బిళ్ల కంటే పెద్ద వలయం కనిపించింది. నిమ్మగడ్డికి అంతకంటే చిన్నది. కొబ్బరి బిళ్ల అంచుదాకా క్రిమి హాయిగా పెరిగింది. నాకు ఆగలేదు. ఆ శుక్రవారమే శిబిరంలో, పడుగుకు రాసే కొబ్బరి నూనె నూలుకు నునుపేమో కానీ క్రిమికి దండగ అని ఆడవాళ్లందరికీ చెప్పాను.

ఖతీజా మేడం నా ప్లేట్లు చూసి గొంతు తగ్గించారు. "ఆగర్‌లో ఎక్కువ భాగం ఏముంటుంది సుగుణా?"

"నీళ్లు మేడం."

"నూనె నీళ్లలో కలుస్తుందా?"

"కలవదు మేడం."

"నీ కొబ్బరి నూనె బిళ్ల దగ్గరే కూర్చుంది. క్రిమి దగ్గరికి పోనేలేదు. నీవు దాన్ని అడగకుండానే దండగ అని రాసినావు."

నూనెను బిళ్ల మీద కాకుండా పరీక్షనాళికల్లో, క్రిములు పెరిగే పులుసులో కలిసేటట్టు చేసి మళ్లీ చూశాను. కొబ్బరి నూనెలో లారిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లం ఉంది. నూనెగా ఉన్నంతసేపూ అది కట్టేసినట్టే ఉంటుంది. విడదీసి వేస్తే, చీము పుట్టించే స్టాఫ్ క్రిమి ఉన్న నాళిక తేటగా నిలిచింది. పేగుల్లో ఉండే క్రిమి నాళిక మాత్రం మజ్జిగలా తెల్లబడింది. ఆ రెండో రకం క్రిములకు ఒంటి మీద ఇంకో పొర ఉంటుంది, వానలో గొంగడి కప్పుకున్న గొర్రెల కాపరిలాగా. లారిక్ ఆమ్లం ఆ గొంగడి దాటలేదు. వాము నూనెలోని థైమాల్ దాటుతుంది.

మరుసటి శుక్రవారం పోయి, పోయినవారం చెప్పింది తప్పని అదే ఆడవాళ్లకు చెప్పాను. నాగేంద్రమ్మ నవ్వింది. "పోయినవారం దండగంటివి, ఈవారం కొంచెం మంచిదంటివి. మేము రెండు వారాలూ రాస్తానే ఉంటిమి మేడం."

ఆ నవ్వు నాకు చురుక్కుమంది కానీ దెబ్బ మాత్రం తగల్లేదు. తగిలి ఉంటే తర్వాతది జరిగేది కాదేమో.

ఖాళీ ప్లేటు

ఆ వేసవిలో నాకు వాము పిచ్చి పట్టింది. వాము నూనె ముట్టుకోకుండానే, ఒట్టి ఆవిరితో క్రిమిని ఆపగలదా అని చూడాలనుకున్నాను. ప్లేటు మూతకు లోపలివైపు ఒక చుక్క వేసి, తలకిందులు చేసి పెడతాం. చుక్కకూ క్రిమికీ మధ్య గాలి తప్ప ఏమీ ఉండదు. మర్నాటికి ప్లేటు ఖాళీగా ఉండేది. గాలిలోనే చంపుతోందని ఎగిరి గంతేశాను. రోజూ అరడజను ప్లేట్లు పెట్టేదాన్ని. ఇంక్యుబేటర్ ఒక్కటే కాబట్టి పై అరలో నా వాము ప్లేట్లు, కింది అరలో రోగుల ప్లేట్లు.

ఇది చదివే పిల్లల్లో తెలివైనవాళ్లకు ఈపాటికి విషయం తెలిసిపోయి ఉంటుంది. నాకు తెలియలేదు.

అప్పుడే ఉరుకుందప్ప ఆసుపత్రికి వచ్చాడు. గుంత మగ్గంలో నేతగాడు నేలలో తవ్విన గుంతలోకి కాళ్లు దించి కూర్చుంటాడు. కింద ఉన్న చెక్కలను రెండు పాదాలతో మార్చి మార్చి తొక్కితేనే పడుగు విడుతుంది, అడ్డపోగు తెచ్చే నాడె పరుగెడుతుంది. ఆ చెక్కకు లేచిన పేడు కుడికాలి చిటికెన వేలి పక్కన గుచ్చుకుంది. ఆయనకు చక్కెర జబ్బుంది. నొప్పి తెలియక పది రోజులు అలాగే తొక్కాడు. వచ్చేసరికి పుండు లోతుగా ఉంది.

నర్సు చీము తీసి పంపింది. స్లైడు మీద రంగు వేసి చూస్తే ద్రాక్షగుత్తుల్లా క్రిములు నిండుగా కనిపించాయి. ప్లేటు మాత్రం మర్నాడూ ఖాళీ, ఆ మర్నాడూ ఖాళీ. స్లైడులో అన్ని క్రిములుండి ప్లేటులో ఒక్కటీ పెరగకపోతే ఏమిటి అర్థం? అవి చచ్చిన క్రిములు. చంపిందెవరు? ఉరుకుందప్ప పేరు చూడగానే నాకు సమాధానం దొరికిపోయింది. వాము గంజి కాచే ఇల్లు కదా, పుండుకు కూడా వాము నూనె పూసుంటారు. నాకు కోపం రాలేదు సరికదా, సంతోషం వేసింది. నా నూనె మనిషి ఒంటి మీద కూడా పనిచేస్తోందని సాక్ష్యం దొరికిందనుకున్నాను. ఆ సంతోషం తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

క్రిములు పెరగలేదని రిపోర్టు రాశాను. ఇంట్లో ఏదో పూసి ఉంటారని, క్రిములు చచ్చిపోయాయని సర్జన్‌కు నోటితో చెప్పాను. బయట వరండాలో బెంచీ మీద ఉరుకుందప్ప కూర్చునే ఉన్నాడు. పది అడుగులు వేసి ఆయన్ను అడగలేదు.

బతికిన క్రిమి లేదు కాబట్టి ఇది రక్తం ఆడకపోవడం వల్లేనని సర్జన్ అనుకున్నాడు. కట్టు కట్టి, చక్కెర జబ్బు మాత్రలు పెంచి ఇంటికి పంపాడు. వేలు నల్లబడి, ఆ నలుపు పైకి పాకితే కర్నూలు పోయి పాదం తీయించుకోవాల్సి వస్తుందని కూడా చెప్పాడు.

బీరువా మీద పెరిగిన క్రిమి

వారం తర్వాత నాగేంద్రమ్మ ఒక్కతే వచ్చింది. కర్నూలు ఆసుపత్రికి చీటీ రాయించుకోవడానికి. ల్యాబు తలుపు దగ్గర నన్ను చూసి ఆగింది.

"చిటికెన వేలు నల్లగైంది మేడం. చీము కారతాండాది. పాదం తీసేస్తే మగ్గం యాడ తొక్కుతాడు? ఒంటికాలితో గుంతలో కూసోని ఏం నేస్తాడు?"

"మీరు ఇంట్లో వాము నూనె పూయకుండా ఉంటే ఈపాటికి నిజం తెలిసుండేది గదా," అన్నాను. నా గొంతులో విసుగు నాకే వినిపించింది.

ఆమె నా ముఖం వైపు చూసింది. "వామా? పుండుకా? గంజిలో ఏసేది పుండుకు యాల పూస్తాము మేడం? నీవే గదా క్యాంపులో సెప్తివి, పుండుకు ఏ నూనే పూయొద్దు, ఉప్పునీళ్లతో కడగమని. అట్లనే కడుగుతాండాను. నీవు సెప్పినట్లే."

నిజమే, నేనే చెప్పాను. ఆమె ఒక్క మాట తప్పకుండా పాటించింది. మరి క్రిములను ఎవరు చంపినట్టు?

లోపలికి పోయి ఇంక్యుబేటర్ తలుపు తీశాను. వెచ్చటి గాలితోపాటు వాము వాసన ముఖానికి కొట్టింది. రోజూ తీసే తలుపే, రోజూ వచ్చే వాసనే. నా ముక్కు దానికి అలవాటుపడి ఎప్పుడో పట్టించుకోవడం మానేసింది. మూతల సందుల్లోంచి వచ్చిన ఆవిరి పెట్టె అంతా నిండింది. నా ప్లేట్లలోని క్రిమినే కాదు, కింది అరలో ఉన్న రోగుల ప్లేట్లలోని క్రిములను కూడా అది ఆపుతోందన్నమాట.

ఊహ సరిపోదు, రుజువు కావాలి. ల్యాబులో దాచుకునే మామూలు స్టాఫ్ క్రిమిని తీసి రెండు ప్లేట్ల మీద రుద్దాను. ఒకటి ఇంక్యుబేటర్ కింది అరలో పెట్టాను. రెండోది బీరువా మీద పెట్టాను. మే నెల ఆదోనిలో రేకుల కప్పు కింద బీరువా మీద వేరే వేడి అక్కర్లేదు. మర్నాడు పొద్దున బీరువా మీది ప్లేటులో పసుపు చుక్కలు కిక్కిరిసి పెరిగాయి. ఇంక్యుబేటర్లోది తుడిచినట్టు ఖాళీగా ఉంది.

ఆ రుజువు కోసం ఒక రోజు ఆగాను. నాగేంద్రమ్మ చెప్పిన గంటలోనే బస్సెక్కి ఉండాల్సిందని ఇప్పటికీ అనుకుంటాను. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే మనిషికి, నాలుగో కాలు కళ్ల ముందు కనబడుతున్నా లెక్కపెట్టి చూసుకోవాలనిపిస్తుంది.

రెండు ప్లేట్లూ ఖతీజా మేడం బల్ల మీద పెట్టి అంతా చెప్పాను. పదిహేను రోజులుగా వాము ప్లేట్లు పెట్టింది నేను. రోజూ తెలిసిన క్రిమితో ఒక ప్లేటు పెట్టి పెట్టెను సరిచూసుకోవాల్సిన మనిషినీ నేనే, బద్ధకించి నెలకోసారి పెట్టాను. రోగిని అడగకుండా నింద వేసిందీ నేనే. ఆవిడ రెండు ప్లేట్లూ వెలుతురులోకి ఎత్తి చూశారు.

"ఈ పదిహేను రోజుల్లో పెరగలేదని ఎందరికి రాసినావు?" గొంతు దాదాపు వినబడనంత తగ్గింది.

"చూసి చెబుతాను మేడం."

"చూడు. అందరినీ పిలిపించు. ముందు ఎమ్మిగనూరుకు పో. చీము నీవే తీసుకొని రా."

విప్పి నేసేది

ఎమ్మిగనూరు బస్సులో ఆ గంటసేపు ఏం చెప్పాలో వల్లెవేసుకుంటూనే ఉన్నాను. "సాంపిల్ మళ్లీ కావాల్సి వచ్చింది" అంటే సరిపోతుంది. ఎవరూ ప్రశ్నించరు. ల్యాబు మనిషి ఇంటికే వచ్చిందని ఎదురు దండం పెడతారు. ఆ దండం నాకు వద్దనిపించింది.

ఉరుకుందప్ప మగ్గం పక్కన చాప మీద కాలు చాపి కూర్చున్నాడు. మగ్గం మీద సగం నేసిన చీర అలాగే ఉంది. నాగేంద్రమ్మ నీళ్ల చెంబు ఇచ్చింది. తాగలేదు. నిలబడే చెప్పాను.

"ఉరుకుందప్పా, మీ చీములో క్రిమి ఉండింది. బతికే ఉండింది. నా పెట్టెలో నేను పెట్టుకున్న వాము నూనె దాన్ని పెరగనీయలేదు. నేను చూసుకోలేదు. మీరు ఏదో పూసినారని డాక్టరుకు చెప్పినాను. మీరేం పూయలేదు. తప్పు నాది. ఈ వారం రోజులు మీకు మందు పడకపోయింది నా వల్లనే."

నాగేంద్రమ్మ గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. బయట వీధిలో ఎవరో పడుగుకు కుంచె వేస్తున్న చప్పుడు వస్తోంది. ఒక్క తిట్టు తిడితే బాగుండునని నాకు అనిపించింది.

ఉరుకుందప్ప మగ్గం మీది చీర చూపించాడు. "మేడం, నేసేటప్పుడు ఒక్కోసారి తప్పు పడతాది. జానెడు నేసినాక కంటికి ఆనతాది. ఆ జానెడూ ఇప్పి మళ్ల నెయ్యాల. ఇప్పేటప్పుడు సిగ్గు గాదు. ఇప్పకుండ మడత పెట్టి సేటుకిస్తే, అది సిగ్గు." కాలు ముందుకు జరిపాడు. "తియ్యి. బిన్నా, జల్దీ తీసుకోని పో."

కట్టు విప్పి, ఉప్పునీళ్లతో కడిగి, లోతుగా దూది పుల్ల పెట్టి తీశాను. ఆయనకు నొప్పి తెలియలేదు. అదే బాధ అనిపించింది.

రెండో రిపోర్టు

ఇంక్యుబేటర్‌ను అప్పటికే ఆరుబయట ఎండలో తలుపు తీసి పెట్టారు. కాబట్టి ఉరుకుందప్ప ప్లేటు కూడా బీరువా మీదే పెట్టాను. మర్నాడు నిండా పెరిగింది. దాని మీద మందుల బిళ్లలు పెట్టి చూస్తే, మామూలుగా ముందు రాసే రెండు మందులకూ లొంగలేదు. మూడోదానికి లొంగింది. గుడ్డిగా ఏదో మందు ఇచ్చి ఉన్నా పనిచేసేది కాదు. ఏ మందో చెప్పాల్సింది నా ప్లేటే, అది మొదటిసారి చెప్పలేకపోయింది.

ఇక రిపోర్టు రాయాలి. సర్జన్ తన గదికి నన్నూ ఖతీజా మేడంనూ పిలిచాడు. మంచి సర్జనే, చేతి పని బాగా తెలిసినవాడే. "మొదటి సాంపిల్ సరిగా రాలేదు, మళ్లీ తీశాం అని రాయండి చాలు. ఇందులో అబద్ధమేముంది? ఆసుపత్రి పేరెందుకు పాడు చేసుకోవడం?" అన్నాడు.

మేడం అడిగారు. "సాంపిల్ సరిగా రాలేదంటే తప్పు ఎవరి మీదికి పోతుంది సార్?"

జవాబు కూడా ఆవిడే చెప్పారు.

"తీసిన నర్సు మీదికి పోతుంది. లేకుంటే కాలు కడుక్కోకుండా వచ్చినాడని రోగి మీదికి పోతుంది. ఆ పిల్ల సరిగానే తీసింది. ఆయన సరిగానే కడుక్కున్నాడు. సుగుణా, సాఫ్‌గా రాయి. కింద నేను సంతకం చేస్తాను."

రాశాను. "మొదటి రిపోర్టు తప్పు. ల్యాబు పొరపాటు వల్ల క్రిమి పెరగలేదు. సాంపిల్‌లో లోపం లేదు." నా చేతిరాత అంత బాగుండదు. ఆ రోజు మాత్రం అక్షరాలు గుండ్రంగా పడ్డాయి. ఉద్యోగంలో నేను రాసిన వేల రిపోర్టుల్లో నాకు బాగా ఇష్టమైంది అదే. అది తప్పు ఒప్పుకున్న కాగితం, అయినా నాకు అదే గొప్ప.

మందు పడ్డాక నాలుగో రోజుకు చీము తగ్గింది. చిటికెన వేలు మాత్రం నిలవలేదు, తీసేశారు. పాదం మిగిలింది. మిగతా రోగులందరినీ పిలిపించి మళ్లీ పరీక్షించాం. ఒకామె మూత్రంలో క్రిమి దొరికింది, అప్పటికే ఆమెకు నయమై ఉంది. అది మా అదృష్టం, అందులో మా గొప్ప ఏమీ లేదు.

నాకు శిక్ష కూడా పడింది. "ఆరు నెలలు నీ వాము బంద్," అన్నారు మేడం. ఆ ఆరు నెలలూ ప్రతి పొద్దున ఇంక్యుబేటర్ తీయగానే తెలిసిన క్రిమి ప్లేటు పెట్టి ఆమెకు చూపించాలి. ఆరు నెలలు దాటాక చూపించక్కర్లేదు. అయినా రిటైరయ్యే రోజుదాకా ఒక్క పొద్దు మానలేదు.

నూనె గురించి నాకు తెలిసింది

వాము పని మళ్లీ మొదలుపెట్టాను, వేరే గదిలో, వేరే పెట్టెలో. తేలింది చెబుతాను. వాము ఆవిరి క్రిమిని ఆపుతుంది, దానికి నా తప్పే అన్నిటికంటే పెద్ద సాక్ష్యం. గంజిలో వాము వేస్తే పులుపు ఆలస్యమవుతుంది. ఇప్పుడు ఆ వీధుల్లో చాలామంది వేస్తున్నారు, శుక్రవారం శిబిరానికి వచ్చే చీము గోళ్లు మునుపటికంటే తక్కువ. నాగేంద్రమ్మ పుట్టింటి మూట అది. నేను చేసిందల్లా అది ఎందుకు పనిచేస్తుందో చూడడమే. నేను మాట్లాడిన ప్రతి సభలోనూ ఆమె పేరు ముందు చెప్పాను, అందుకు నాకు గర్వంగా ఉంది.

తేలనిది కూడా చెబుతాను. ఒకసారి నూనె వ్యాపారి ఒకాయన వచ్చి, వాము నూనె సీసాల మీద "సర్వ క్రిములనూ చంపును" అని వేసుకుంటానని, సంతకం పెట్టమని అడిగాడు.

"పుండు మీద పూస్తే చర్మం మండుతుంది. లోపలి క్రిమిని చేరుతుందో లేదో నేను చూడలేదు," అన్నాను.

"మీ ప్లేటులో చచ్చింది గదా మేడం?"

"ప్లేటులో ఫినాయిలు పోసినా చస్తుందన్నా. రేపట్నుంచి తాగుతావా?"

ఆయన మళ్లీ రాలేదు. ప్లేటులో చచ్చిన క్రిమికీ ఒంట్లో చచ్చిన క్రిమికీ మధ్య ఎన్నో మెట్లున్నాయి. ఒక్క మెట్టు ఎక్కి మేడ మీద నిలబడ్డామని చెప్పకండి. స్లైడు ఒకటి చెప్పి, ప్లేటు ఇంకొకటి చెబితే, మీకు నచ్చిన కథ అల్లకండి. రోగి వరండాలోనే కూర్చుని ఉంటాడు. లేచి పోయి అడగండి.

వీడ్కోలు సభ

నేను రిటైరైన రోజు ఆసుపత్రి హాలులో సభ పెట్టారు. ఖతీజా మేడం అప్పటికి పని మానేసి చాలా కాలమైంది, చేతికర్ర పట్టుకుని వచ్చారు. వచ్చినవాళ్లంతా నన్ను పొగిడారు. క్రమశిక్షణ అన్నారు, అంకితభావం అన్నారు. నేను మొహమాటపడకుండా విన్నాను. వాటిలో చాలావరకు నిజమే.

చివర్లో వెనక వరసలోంచి ఉరుకుందప్ప లేచాడు. ఎవరూ పిలవలేదు. ఇప్పుడు ఆయనకు కళ్లు సరిగా ఆనవు, అయినా మగ్గం వదల్లేదు. మైకు ముందుకు వచ్చి కుడి చెప్పు విడిచి, వేదిక మెట్టు మీద పాదం పెట్టాడు.

"నాకు మాట్లాడేది రాదు," అన్నాడు. "ఇది సూడండి. ఈడ నాలుగు వేళ్లుండాయి, ఒకటి లేదు. ఉండేటివి ఈయమ్మ వల్ల ఉండాయి. లేనిది గూడా ఈయమ్మ వల్లనే లేదు. రెండూ నాకు ఎవరో సెప్పలేదు. ఈయమ్మనే మా ఇంటికొచ్చి నిలబడి సెప్పింది."

కొత్త సూపరింటెండెంటు నా వైపు చూడలేక పూలదండల వైపు చూశాడు. ఖతీజా మేడం మాత్రం చేతికర్ర మీద గడ్డం ఆనించి కళ్లు మూసుకున్నారు. నాగేంద్రమ్మ గబగబా ముందుకొచ్చి మొగుడి మోచేయి పట్టి లాగింది.

"ఏమయ్యా, ఇంతమందిలో, ఈ పొద్దు అనే మాటనా అది?"

నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ రోజు విన్న పొగడ్తలన్నీ ఒక ఎత్తు, ఆ మాట ఒక ఎత్తు.

"అననీ నాగేంద్రమ్మా," అన్నాను. "నా రిపోర్టు నాకంటే బాగా రాసినాడు."